లీకైన వేలిముద్రకు తాళం: ఆధార్ బయోమెట్రిక్ లాక్ సేవపై సమీక్ష

భూమి గానీ ఇల్లు గానీ చేతులు మారినప్పుడు అమ్మినవారి, కొన్నవారి ఫొటోలను, వేలిముద్రలను దస్తావేజుకు జతచేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 32ఏ సెక్షన్ చెబుతోంది. దొంగ రిజిస్ట్రేషన్లను అరికట్టడానికి తెచ్చిన నిబంధన కాబట్టి దాని ఉద్దేశాన్ని తప్పు పట్టనక్కరలేదు. అయితే కాలక్రమంలో అదే దస్తావేజులోకి ఆధార్ నంబరు కూడా వచ్చి చేరింది, దస్తావేజు యావత్తూ స్కానై ప్రభుత్వ సర్వరులోకి ఎక్కింది, నకలు కోసం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం చుట్టూ తిరిగే పని లేకుండా ఇంటర్నెట్‌లోనే తీసుకునే వెసులుబాటూ వచ్చింది. పేరు, చిరునామా, ఆధార్ నంబరు, బొటనవేలి ముద్ర ఒకే ఫైలులో దొరుకుతుంటే దొంగకు వేరే కష్టమేముంటుంది?

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్ముకునే ఒక వ్యక్తి తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి దస్తావేజులు దించుకుని, వాటిలోని ముద్రలతో రబ్బరు వేళ్లు తయారు చేసి, వేల సంఖ్యలో సిమ్‌లను ఊరూపేరూ తెలియని వారి పేర్ల మీద యాక్టివేట్ చేశాడని పోలీసులు బయటపెట్టారు. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా మరో అడుగు ముందుకు వేసింది. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ల వెబ్‌సైటులో దొరికిన దస్తావేజుల నుంచి ముద్రలు తీసి, వాటితో నేరుగా బ్యాంకు ఖాతాల్లోని సొమ్మునే లాగేసింది. అంతకుముందే, 2017లో, సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే పరిశోధన సంస్థ నాలుగు ప్రభుత్వ పోర్టళ్ల నుంచి సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు బహిరంగంగా కనిపిస్తున్నాయని నివేదిక ఇచ్చింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానివే: ఒకటి ఉపాధి హామీ రోజువారీ చెల్లింపుల పోర్టల్, మరొకటి చంద్రన్న బీమా. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా ముప్పై వేల మందికి పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, వారి కులం, మతం, బ్యాంకు వివరాలతో సహా ఎవరైనా చూసేలా ఉన్నట్టు తేలింది.

ఇలాంటి సందర్భాల్లో పౌరుడు చేయగలిగినది ఏమిటని అడిగితే ప్రభుత్వం వైపు నుంచి వచ్చే మొదటి సమాధానం ఎప్పుడూ ఒకటే: మీ బయోమెట్రిక్‌లను, అంటే వేలిముద్ర వంటి శరీర గుర్తులను, లాక్ చేసుకోండి. ఆధార్ ప్రాధికార సంస్థ, అంటే యూఐడీఏఐ, ఉచితంగా అందించే ఈ సేవను నేను నా కోసం వాడుతున్నాను, పల్నాడు జిల్లాలోని ఒక పల్లెలో ఉండే మా మేనత్త కోసం కూడా వాడి చూశాను. ఇద్దరి అనుభవాలూ ఎంత వేరుగా ఉన్నాయంటే, ఒకే సేవకు రెండు మార్కులు వేయాల్సి వస్తోంది.

ముందుగా ఈ లాక్ దేన్ని అడ్డుకోవడానికి ఉన్నదో చెప్పుకోవాలి. ఊళ్లో బ్యాంకు తరఫున పనిచేసే ఏజెంటు, అంటే బ్యాంకు మిత్ర దగ్గర, కిరాణా కొట్టు బల్ల మీద ఉండే చిన్న మైక్రో ఏటీఎం యంత్రం దగ్గర, ఆధార్ నంబరు చెప్పి, బ్యాంకు పేరు చెప్పి, వేలు పెడితే డబ్బు చేతికి వస్తుంది. జాతీయ చెల్లింపుల సంస్థ నడిపే ఈ ఏర్పాటు పేరు ఏఈపీఎస్. దీనికి కార్డు అక్కరలేదు, పిన్ అక్కరలేదు, ఓటీపీ అక్కరలేదు. చదువు రానివారికీ, బ్యాంకు శాఖ పది కిలోమీటర్ల దూరంలో ఉన్నవారికీ ఇది నిజంగా పెద్ద ఉపకారమే. ఒక్కోసారికి పదివేల రూపాయల వరకూ తీసుకోవచ్చు. కానీ తలుపుకు ఉన్న గొళ్లెం ఒక్కటే, అది వేలిముద్ర. ఆ ముద్రకు నకలు తయారైన రోజున మధ్యలో ఆపేవాడు ఎవరూ ఉండరు. సజీవమైన వేలికీ రబ్బరు వేలికీ తేడా పసిగట్టడానికి ముద్రలోని గీతల బిందువులనూ, ముద్ర చిత్రాన్నీ కలిపి పరిశీలించే పద్ధతిని యూఐడీఏఐ 2023 ఫిబ్రవరిలో ప్రకటించింది. దానివల్ల మోసం కష్టమై ఉండవచ్చు గాని, ముద్ర బయటికి పోయినవారు దాన్నే నమ్ముకుని నిశ్చింతగా కూర్చోలేరు.

లాక్ వేసే విధానం సులువు. మై ఆధార్ పోర్టల్‌లో ఆధార్ నంబరుతో, రిజిస్టరైన ఫోనుకు వచ్చే ఓటీపీతో లోపలికి వెళ్లి, బయోమెట్రిక్ లాక్ అనే గడిని తెరిచి, హెచ్చరిక చదివి, సమ్మతి తెలిపితే పని అయిపోతుంది. ఎం-ఆధార్ యాప్‌లోనూ ఈ సదుపాయం ఉంది. స్మార్ట్‌ఫోను లేనివారు 1947 నంబరుకు ఎస్ఎంఎస్ పంపి కూడా చేసుకోవచ్చు: మొదటి సందేశంతో ఓటీపీ తెప్పించుకుని, రెండో సందేశంలో ఆధార్ చివరి అంకెలను, ఆ ఓటీపీని కలిపి పంపాలి. ఆ సందేశాల్లోని మాటలన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో టైపు చేయాల్సి రావడం వల్ల, స్మార్ట్‌ఫోను లేని మనిషి కోసం పెట్టిన దారి స్మార్ట్‌ఫోను ఉన్న మనవడు పక్కన ఉంటే తప్ప సాగదు. పోర్టల్, యాప్ రెండూ తెలుగులో ఉన్నాయి; అనువాదం అక్కడక్కడ పంటి కింద రాయిలా తగిలినా పని మాత్రం ఆగదు.

లాక్ పడిన తరవాత వేలిముద్ర, కనుపాప, ముఖం ఈ మూడింటిలో దేనితోనూ ఆధార్ ధ్రువీకరణ జరగదు. అసలైన మనిషే వచ్చి అసలైన వేలు పెట్టినా యంత్రం కాదనే అంటుంది, 330 అనే ఎర్రర్ సంఖ్య చూపుతుంది. ఎప్పుడైనా అవసరమైతే తాత్కాలికంగా తెరవవచ్చు. పది నిమిషాల తరవాత లాక్ తనంతట తానే మళ్లీ పడుతుంది. పూర్తిగా తీసేయడానికి వేరే మార్గం ఉంది. ఇంత స్పష్టమైన పనితీరు ప్రభుత్వ సేవల్లో అరుదు. మా అపార్టుమెంటు సమీపంలోని సిమ్ కార్డుల దుకాణంలో కొత్త సిమ్ తీసుకునేటప్పుడు లాక్ తీయడం మరిచి వేలు పెట్టాను, యంత్రం నిరాకరించింది. ఆ కుర్రవాడు ఏదో సర్వరు సమస్య అనుకుని వేలు తుడుచుకోమన్నాడు గానీ, నాకు మాత్రం ఆ నిరాకరణ ఎంతో ఊరటనిచ్చింది. ఫోనులోనే లాక్ తెరిచి మళ్లీ వేలు పెడితే వెంటనే పని అయింది.

నాలాగా నగరంలో ఉద్యోగం చేసుకుంటూ, డబ్బును యూపీఐతోనో కార్డుతోనో వాడుకుంటూ, ఏడాదిలో ఏ ఒకటి రెండు సార్లో వేలిముద్ర అవసరమయ్యే వారికి ఈ సేవకు అయిదింటికి నాలుగున్నర మార్కులు ఇస్తాను. ఆ అర మార్కు ఎందుకు తగ్గించానంటే, లాక్ అనే సదుపాయం ఒకటి ఉందని ఆధార్ కార్డు చేతికి ఇచ్చే రోజున ఎవరూ చెప్పరు. విదేశాల్లో ఉంటూ ఇక్కడ స్థలాలు, ఫ్లాట్లు రిజిస్టరు చేసుకున్న తెలుగువారికి ఇది మరింత పనికివస్తుంది, ఎందుకంటే వారి ముద్రలు దస్తావేజుల్లో ఉన్నాయి, వారికి రోజువారీగా ఏఈపీఎస్‌తో పని లేదు. అయితే ఓటీపీ కోసం భారతీయ ఫోను నంబరే కావాలి, విదేశీ నంబరును ఆధార్ అంగీకరించదు. రీచార్జి చేయక ఆ సిమ్ రద్దయిపోతే లాక్ వేయడమూ కుదరదు, తీయడమూ కుదరదు. పైగా కొంతకాలానికి ఆ నంబరు మరొకరి చేతికి వెళ్తుంది. డాలర్లలో జీతం తీసుకునేవారు కూడా ఇక్కడి సిమ్‌కు రీచార్జి ఎందుకు దండగ అనుకోవడం నేను చూస్తూనే ఉన్నాను.

ఇక మేనత్త సంగతి. ఆవిడ ఎకరం చిల్లర పొలం అమ్మిన కొన్నాళ్లకు పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించుకుంటే, తాను తీయని డబ్బు రెండు విడతలుగా పోయినట్టు కనిపించింది. పక్కన ఏఈపీఎస్ అని ఉంది. బ్యాంకులో ఉన్న ఫోను నంబరు ఎప్పుడో పాతబడిపోయింది కాబట్టి మెసేజీ కూడా రాలేదు. ముద్ర ఎక్కడి నుంచి బయటికి పోయిందో మాకు ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. అది దస్తావేజు నుంచే పోయిందని నేను అనను. ఆ బ్యాంకు పేరు, శాఖ పేరు ఇక్కడ అప్రస్తుతం. మొదటి రోజు అక్కడ జరిగిన సంభాషణ మాత్రం చెప్పుకోదగినది.

"అమ్మా, వేలిముద్ర పడిందంటే మీరు వేసినట్టే లెక్క. ఎక్కడైనా తీసి మరిచిపోయారేమో గుర్తు చేసుకోండి" అన్నారు మేనేజరు గారు.

"బాబూ, ఆ పూట నేను పత్తి తీతలో ఉన్నాను. పోయేటప్పుడు వేలు ఇంట్లో పెట్టి పోలేదు కదయ్యా" అంది అత్త.

మేనేజరు గారు నవ్వారు గానీ, ఆ నవ్వుతో డబ్బు రాలేదు. పనికి వచ్చినవి రెండు. మొదటిది సైబర్ మోసాల ఫిర్యాదుల కోసం ఉన్న 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించి, అక్కడ ఇచ్చిన ఫిర్యాదు సంఖ్యను రాసుకోవడం. రెండోది, అనధికార ఎలక్ట్రానిక్ లావాదేవీల్లో ఖాతాదారు బాధ్యతపై రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్‌ను పేర్కొంటూ లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇవ్వడం. తప్పు ఖాతాదారుదీ కాక, బ్యాంకుదీ కాక, వ్యవస్థలో మరెక్కడో జరిగినప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల లోపు తెలియజేస్తే నష్టంలో ఖాతాదారు భరించాల్సింది సున్నా అని ఆ సర్క్యులర్ చెబుతోంది. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని ఖాతాలో తాత్కాలికంగా జమ చేయాలనీ, తొంభై రోజుల్లోగా వ్యవహారం తేల్చాలనీ కూడా అందులో ఉంది. నోటిమాటకు లేని విలువ కాగితానికి ఉంటుందని బ్యాంకుల్లో పని పడిన ప్రతివారికీ తెలుసు. ఆ కాగితం అందుకున్నాక మేనేజరు గారి ధోరణి మారింది, సొమ్ము ఖాతాలోకి తిరిగి వచ్చింది.

ఆ వెంటనే నేను చేసిన పని అత్త ఆధార్‌కు బయోమెట్రిక్ లాక్ వేయించడం. ఆధార్‌కు అనుసంధానమైన ఫోను నంబరు కూడా పాతదే కావడంతో ముందుగా ఆధార్ కేంద్రానికి వెళ్లి, 75 రూపాయల రుసుము కట్టి నంబరు మార్పించాము. తరవాత హైదరాబాదులో నా కంప్యూటరు ముందు కూర్చుని, ఆవిడ ఫోనులో చెప్పిన ఓటీపీతో లాక్ వేశాను. పని బాగా అయిందనుకున్నాము.

ఒకటో తారీఖు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పింఛను సొమ్మును గ్రామ సచివాలయం సిబ్బంది ఇంటికే తెచ్చి ఇస్తారు. అత్తకు వచ్చే నాలుగు వేల రూపాయల పింఛను కోసం వచ్చిన అమ్మాయి వేలు పెట్టించింది, పడలేదు. ముఖం పట్టించింది, పడలేదు. "పెద్దమ్మా, నీ బయోమెట్రిక్ లాక్‌లో ఉందంట, ఎవరితో వేయించావు?" అని అడిగింది. అత్త నాకు ఫోను చేసింది. నేను పోర్టల్ తెరిచాను, ఓటీపీ పంపాను, ఆవిడ కళ్లజోడు వెతుక్కుని అంకెలు ఒక్కొక్కటిగా చదివి చెప్పింది, లాక్ తెరుచుకుంది. ఈలోగా ఆ అమ్మాయి పక్కింటికి వెళ్లిపోయింది. పది నిమిషాల గడువు ఉన్నది నగరంలో కౌంటరు ముందు నిలబడిన మనిషిని దృష్టిలో పెట్టుకుని. సిగ్నలు కోసం యంత్రాన్ని పట్టుకుని వీధిలోకి నడిచే సిబ్బందికీ, వారి కోసం అరుగు మీద ఎదురుచూసే ముసలివారికీ ఆ గడువు చాలదు. ఇక్కడ యంత్రం తప్పు చేయలేదు, ఆ అమ్మాయి అంతకన్నా చేయలేదు. సేవ ఎలా పనిచేయాలని రూపొందించారో అలాగే పనిచేసింది.

నన్ను ఇంతకంటే ఎక్కువగా కలవరపెట్టిన విషయం మరొకటి ఉంది. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకులు, పోలీసులు, టెలిఫోను కంపెనీలు కాలర్ ట్యూన్లలో సైతం మోగిస్తూ వచ్చారు. మనమూ మన ఇళ్లలోని పెద్దవాళ్లకు పదేపదే అదే చెబుతున్నాము. ఈ లాక్ మాత్రం, స్వయంగా పోర్టల్ వాడలేని వృద్ధురాలు నెలకు ఒకసారి పింఛనుకు, మరోసారి రేషన్ దుకాణంలో ఈ-పాస్ యంత్రం ముందు, ఫోనులో అవతలివారికి ఓటీపీ చదివి వినిపించక తప్పని పరిస్థితి కల్పిస్తోంది. ఇవాళ అవతల ఉన్నది మేనల్లుడు. "నీ ఆధార్ లాక్ తీయాలి, నంబరు చెప్పమ్మా" అంటూ రేపు మరొకరు ఫోను చేస్తే ఆవిడ ఏం చేస్తుంది? ఒక దొంగతనాన్ని ఆపే సాధనం మరో దొంగతనానికి మనిషిని అలవాటు చేస్తోందంటే దాని రూపకల్పనలో పెద్ద లోటు ఉన్నట్టే. అత్త తరఫున ఈ సేవకు నేను ఇచ్చేది అయిదింటికి రెండు.

ఇక్కడ ఒక వైపరీత్యం గమనించాలి. వేలిముద్రతో డబ్బు తీసుకునేది, రేషన్ తీసుకునేది, పింఛను తీసుకునేది పేదలు, వృద్ధులు, పల్లెల్లోని స్త్రీలు. నకిలీ ముద్రతో సొమ్ము పోయే ప్రమాదమూ వారికే ఎక్కువ, పోయిన సంగతి ఆలస్యంగా తెలిసేదీ వారికే. లాక్‌ను నిశ్చింతగా వేసి ఉంచగలిగినది మాత్రం దాని అవసరం అంతగా లేని నాలాంటివాడు. ప్రయోజనాన్ని బట్టి లాక్ వేసే వీలు ఉండి ఉంటే, అంటే బ్యాంకు నుంచి నగదు తీయడానికి మాత్రం మూసి, పింఛనుకూ రేషనుకూ తెరిచి ఉంచే సదుపాయం పోర్టల్‌లో ఇచ్చి ఉంటే, ఈ సమీక్ష ఇంత పొడుగు సాగేది కాదు. ప్రతి ధ్రువీకరణలోనూ అడుగుతున్న సంస్థ ఏదో యూఐడీఏఐకి తెలుస్తూనే ఉంటుంది. తెలిసినప్పుడు వేరుచేయడం అసాధ్యమని నేను అనుకోను.

ఇదే పోర్టల్‌లో ఉన్న మరికొన్ని సదుపాయాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే లీకైనది వేలిముద్ర ఒక్కటే కానప్పుడు బయోమెట్రిక్ లాక్ ఒక్కటే చాలదు. లాక్ ఉన్నా ఓటీపీతో జరిగే ధ్రువీకరణ నిరాటంకంగా సాగుతుంది. దాన్ని కూడా ఆపాలంటే ఆధార్ నంబరునే లాక్ చేసే వేరే సేవ ఉంది. దానికి ముందుగా పదహారు అంకెల వర్చువల్ ఐడీ తెప్పించుకోవాలి. ఆ తరవాత అసలు నంబరు ఎక్కడా పనిచేయదు, వర్చువల్ ఐడీ మాత్రమే పనిచేస్తుంది. అయిదు వందల రూపాయలకే ఆధార్ వివరాలు దొరుకుతున్నాయని 2018 జనవరిలో ఒక దినపత్రిక కథనం రాసిన కొద్ది రోజులకే యూఐడీఏఐ ఈ వర్చువల్ ఐడీని ప్రకటించింది. ఆలోచన చక్కనిది. కానీ ప్రభుత్వ పథకాల జాబితాలన్నింటిలో అసలు నంబరే పాతుకుపోయి ఉంది కాబట్టి, లబ్ధిదారులెవరూ దీని జోలికి పోకపోవడమే క్షేమం. ఫొటోకాపీ ఇవ్వక తప్పని చోట మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వడం అందరికీ సాధ్యమైన పని. లాడ్జీల వారు, అద్దె ఇళ్ల వారు కొందరు ముఖం చిట్లించినా చివరికి తీసుకుంటున్నారు.

వీటన్నింటిలోకీ నాకు నచ్చినది ధ్రువీకరణల చరిత్ర. గత ఆరు నెలల్లో మన ఆధార్‌ను ఏ సంస్థ, ఏ తేదీన, ఎన్ని గంటలకు, వేలిముద్రతో అడిగిందో ఓటీపీతో అడిగిందో, ఫలితం ఏమైందో అందులో వరుసగా ఉంటుంది. ఒకేసారి యాభై నమోదుల వరకే చూపిస్తుంది గానీ ఇంటి అవసరాలకు అది చాలు. అత్త డబ్బు పోయిన రోజు, ఆవిడ పత్తి చేలో ఉన్న ఆ పూట, వేలిముద్ర ధ్రువీకరణ విజయవంతమైనట్టు అక్కడ నమోదై ఉంది. బ్యాంకుకు ఇచ్చిన దరఖాస్తుతో ఆ పేజీని కూడా జతచేశాము. ఆధార్‌కు ఈమెయిల్ చిరునామా అనుసంధానం చేసుకుంటే ప్రతి ధ్రువీకరణకూ ఒక మెయిల్ వస్తుంది. దేశం మొత్తంలో ఈ పేజీని తెరిచి చూసినవారు ఎందరుంటారో గాని, ఏదైనా ప్రభుత్వ వెబ్‌సైటు నుంచి సమాచారం బయటికి పోయిందన్న వార్త చదివిన రోజున లాక్ కంటే ముందు చూడవలసినది దీన్నే. మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్ చూపిస్తుంది. మనకు తెలియని అప్పులు ఏవైనా ఉన్నాయేమో సిబిల్ వంటి క్రెడిట్ సమాచార సంస్థలు ఒక్కొక్కటి ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇచ్చే నివేదికలో కనిపిస్తుంది. ధర్మారం ఉదంతం గుర్తున్నవారు సిమ్‌ల జాబితాను అశ్రద్ధ చేయరు.

సాధనం సంగతి ఇలా ఉండగా, దాన్ని వాడే బాధ్యత ఎవరి మీద పడిందన్నది వేరే ప్రశ్న. తమ కేంద్ర సమాచార నిధి నుంచి ఎన్నడూ ఏ లీకూ జరగలేదని యూఐడీఏఐ ప్రతిసారీ చెబుతుంది. ఆ మాటను అలాగే తీసుకున్నా, రబ్బరు వేలు తయారు చేసేవాడికి కేంద్ర నిధితో పనే లేదు. ఏదో ఒక శాఖ వెబ్‌సైటు చాలు. ఆధార్ నంబరును బహిరంగంగా ప్రచురించరాదని 2016 నాటి ఆధార్ చట్టంలోని 29వ సెక్షన్ స్పష్టంగా చెబుతున్నా, ప్రచురించినవి ప్రభుత్వ శాఖలే. దస్తావేజు నకలులో ముద్రలున్న చోటును, ఆధార్ అంకెలను కప్పి ఇవ్వడానికి గొప్ప సాంకేతిక పరిజ్ఞానం అక్కరలేదు. సమాచారం బయటికి పోయిన శాఖ మా అత్తలాంటి వారికి ఒక పోస్టుకార్డు రాసి జాగ్రత్తపడమని చెప్పిన దాఖలా నేను చూడలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఈ విషయంలో కొంత మార్పు తెచ్చింది: లీకు జరిగితే బాధితులకు తెలియజేసి తీరాలని, భద్రతా ఏర్పాట్లలో విఫలమైతే 250 కోట్ల రూపాయల వరకూ జరిమానా వేయవచ్చని అందులో ఉంది. నియమావళి 2025 నవంబరులో వెలువడింది, లీకు సమాచారం ఇవ్వాలన్న నిబంధన వంటివి అమలులోకి రావడానికి ఆ తేదీ నుంచి పద్దెనిమిది నెలల గడువు పెట్టారు. జరిమానా సొమ్ము భారత సంఘటిత నిధికి వెళ్తుంది. బాధితుడికి పరిహారం కోరే అవకాశమిచ్చిన ఐటీ చట్టంలోని 43ఏ సెక్షన్‌ను ఈ చట్టమే తొలగిస్తోంది. పోయినది అత్త వేలిముద్ర, జరిమానా అందుకునేది ఖజానా!

చివరికి మేము స్థిరపడిన ఏర్పాటు ఇది. నా ఆధార్‌కు బయోమెట్రిక్ లాక్ శాశ్వతంగా వేసి ఉంది. అత్త ఆధార్‌కు మాత్రం లాక్ తీసేశాను. దాని బదులు, ఆవిడ ఖాతా నుంచి ఏఈపీఎస్ ద్వారా డబ్బు తీయడానికి వీలు లేకుండా చేయమని బ్యాంకుకు అర్జీ పెట్టాము. కొన్ని బ్యాంకులు ఈ సౌకర్యాన్ని తమ మొబైల్ యాప్‌లోనే ఇస్తున్నాయి, మరికొన్నింటికి శాఖకు వెళ్లి రాసి ఇవ్వాలి. నగదు కోసం ఆవిడ ఇప్పుడు ఏటీఎం కార్డు వాడుతోంది. పింఛనూ రేషనూ యథావిధిగా వేలిముద్రతోనే వస్తున్నాయి. ఈ దారిని ఎంచుకునేవారు ఒక విషయంలో జాగ్రత్తపడాలి. ఏఈపీఎస్ లావాదేవీలను ఆపమనడం వేరు, ఖాతా నుంచి ఆధార్‌ను తొలగించమనడం వేరు. రెండోది చేస్తే గ్యాస్ సబ్సిడీ, రైతు పథకాల సొమ్ము వంటి ప్రత్యక్ష నగదు బదిలీలు ఆ ఖాతాకు రావడం ఆగిపోయే ప్రమాదం ఉంది. కౌంటరు దగ్గర ఉన్నవారు తొందరలో ఒకదానికి బదులు మరొకటి చేసే వీలుంది కాబట్టి, అర్జీలో "ఏఈపీఎస్ డెబిట్ మాత్రమే నిలిపివేయగలరు, ఆధార్ అనుసంధానం కొనసాగించగలరు" అని విడమరిచి రాసి, రెండో ప్రతి మీద తేదీతో బ్యాంకు ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోవాలి.